పడుకుని చూడకుండా పరుపు కొనేవాళ్లు

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడని అందరూ చాటుగా బ్రేకమ్మ అంటారు. నేర్పేవాళ్లు కూర్చునే పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉంటుంది కదా, దాని మీద నుంచి ఆవిడ కాలు తీసిన పాపాన పోలేదు. స్టీరింగు చేతికి రాగానే రోడ్డంతా తమ సొంతమనుకునే మగమహారాజులు, ఎదురుగా లారీ వస్తుంటే కళ్లు మూసుకునే ధీరవనితలు, అందరి ప్రాణాలూ ఆ ఒక్క కాలి మీదే నిలబడ్డాయి. అలా కాలు బిగబట్టి, ఒళ్లు పక్కకి తిప్పి ఏళ్ల తరబడి కూర్చునేసరికి నడుం పట్టేసింది. పొద్దున్నే మంచం దిగడానికి కాసేపు దొర్లి, గోడ పట్టుకుని, దేన్నో ఒకదాన్ని తిట్టుకుంటే గానీ కుదిరేది కాదు.

డాక్టరు ఎక్స్‌రే చూశాడు. ఎముకలకేం కాలేదనీ, కండరాలు బిగుసుకున్నాయనీ చెప్పి, చిన్న చిన్న వ్యాయామాలు చూపించాడు. "మీ పరుపు గుంట పడుంటుంది, మార్చేయండి. మరీ గట్టిదీ వద్దు, మరీ మెత్తదీ వద్దు" అన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పడమే ఆవిడ చేసిన పొరపాటు.

మర్నాడే బావగారు దిగారు. ఆయన ఆవిడ భర్తకి అన్నగారు, పక్క వీధిలోనే ఉంటారు. ఉద్యోగం విరమించిన నాటి నుంచి ఆయనకి తెలియని విషయం భూమ్మీద లేదు. మనిషిని పెట్టి మరీ ఓ చెక్క పలక మోయించుకొచ్చారు.

"పరుపులేంటమ్మా, పరుపులు! మేం చెక్క మీద పడుకుని పెరిగాం. ఒక్కడికైనా నడుం నొప్పి ఉండేదా?"

"మరి మీరు కుర్చీలో కూర్చున్నప్పుడల్లా వీపు వెనక దిండెందుకు బావగారూ?"

"అది వేరే" అన్నారు బావగారు.

అన్నగారు తెచ్చింది కాదనే ధైర్యం తమ్ముడికి పుట్టుకతోనే లేదు. వారం రోజులు ఆవిడ ఆ పలక మీద పడుకుంది. నడుం నొప్పి ఎక్కడికీ పోలేదు సరికదా, తుంటీ భుజమూ కూడా దానికి తోడయ్యాయి. పలకని ఎత్తి వరండాలో పడేసింది.

తర్వాత భర్తగారి వంతు. ఆయన ఫోనులో ప్రకటన చూసి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా పరుపు తెప్పించేశాడు. చుట్టచుట్టి వచ్చిన ఆ పరుపు సంచి కోయగానే బుస్సుమని పొంగింది. ఆయన ముఖం కూడా అలాగే పొంగింది.

"మేఘం మీద పడుకున్నట్టు ఉంటుందట!"

"మేఘం మీద పడుకుంటే కింద పడతారండీ. ఆ మాత్రం తెలీదా?"

కింద పడలేదు గానీ, లోపలికి కూరుకుపోయింది. పక్కకి తిరగాలంటే గుంటలోంచి పైకెక్కినట్టు ఉండేది. పొద్దున్న ఆయనే చెయ్యిచ్చి లాగాడు. "అలవాటవుతుందిలే" అన్నాడు. ఆవిడ ఆయన్ని ఎర్ర లైటు దాటేసిన శిష్యుణ్ణి చూసినట్టు చూసింది. ఆ మధ్యాహ్నమే పరుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆదివారం ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒక పరుపుని అరచేత్తో నొక్కి, "చూడండి మేడం, ఎంత సపోర్టో! పేరులోనే ఆర్థో ఉంది" అన్నాడు. భర్తగారు కూడా నొక్కి, తలూపాడు.

"నా నడుం మీ చేతుల్లో ఉందా, నొక్కి చూడ్డానికి?" అంది బ్రేకమ్మ. "పేరుదేముంది బాబూ! మా స్కూలు బోర్డు మీద సురక్షితం అని రాసుంది. ఒకసారొచ్చి మా శిష్యుల పక్కన కూర్చో."

చెప్పులు విడిచి, రోజూ పడుకున్నట్టే పక్కకి ఒత్తిగిలి పడుకుంది.

"లే, అందరూ చూస్తున్నారు" అని గొణిగాడు భర్త.

"చూడనివ్వండి, నేర్చుకుంటారు. మీరు వెనక్కొచ్చి నా వెన్ను తిన్నగా ఉందో లేదో చూడండి."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత శ్రద్ధగా ఆవిడ వీపు చూడ్డం అదే మొదలు. "మధ్యలో కిందికి వంగింది" అన్నాడు. తర్వాతవాటి మీద వెల్లకిలా పడుకుని, నడుం కింద చెయ్యి పెట్టి చూడమంది. గట్టిదాని మీద చెయ్యి సొరంగంలో దూరినట్టు అటు నుంచి ఇటు వచ్చేసింది. మెత్తదాని మీద వేలు కూడా దూరలేదు. నాలుగోదాని మీద మాత్రం చెయ్యి కాస్త బిగువుగా దూరింది. ఒత్తిగిలితే భుజానికీ తుంటికీ కూడా హాయిగానే ఉంది.

"రెండు నిమిషాలు పడుకుంటే తెలిసిపోతుంది మేడం" అన్నాడు సేల్స్‌మన్, ఇంక లేవమన్నట్టుగా.

"దీని మీద ఏళ్లకేళ్లు పడుకోవాల్సింది నేను. నీకేం తొందర?"

అని కళ్లు మూసుకుంది. కాసేపటికి సన్నగా గురక వినిపించింది. భర్త అపరిచితుడిలా దిళ్ల వైపు నడిచాడు. సేల్స్‌మన్ లేపబోతుంటే, అప్పుడే లోపలికొచ్చిన ఓ జంట ఆగిపోయింది. "అదిగో, ఆవిడ నిద్రపోతున్నదే మాకూ చూపించండి" అంది భార్య. సేల్స్‌మన్ చెయ్యి వెనక్కి తీసుకుని, దీపం ఒకటి ఆర్పేసి మరీ వాళ్లకి వివరాలు చెప్పసాగాడు.

ఆ పరుపే ఇంటికొచ్చింది. నొప్పి ఒక్కసారిగా ఏం మాయమవలేదు. డాక్టరు చూపించిన వ్యాయామాలు చేస్తూ ఉంటే, మెల్లగా పొద్దున్న గోడ పట్టుకోకుండా లేవగలిగింది. మరీ మొద్దు శిష్యుడు తగిలిన రోజున సాయంత్రానికి నడుం ఇంకా గుర్తుచేస్తూనే ఉంటుంది.

విషయం తెలిసి బావగారు చూడ్డానికొచ్చారు. పరుపుని అరచేత్తో నొక్కారు.

"నేను మొదట్నించీ చెప్పింది ఇదేగా!" అన్నారు.

"అవునన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

బ్రేకమ్మ ఆ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. వాళ్లతో వాదించడం కన్నా పడుకోవడం మేలనిపించింది. ఇద్దర్నీ గదిలోంచి బయటికి పంపి, తలుపేసుకుంది.