నాలుగు హద్దులు నిలవని పాక

హిందీ మాట్లాడే దూరపు ఉక్కు పట్నంలో, సాక్చి బజారులో ముప్పై ఏళ్లుగా ఎండుచేపలమ్ముతున్న పోలమ్మకు ఒక్కటే కోరిక. గంప మోసే ఓపిక తగ్గాక సిద్ధగోరాలోని అద్దె ఇల్లు ఖాళీచేసి, తాను పుట్టిన దిబ్బకు వెళ్లిపోవాలి. శ్రీకాకుళం తీరంలో, సముద్రానికీ ఉప్పుటేరుకూ నడుమ, పడవెక్కితే తప్ప చేరలేని సన్నని ఇసుకపట్టీ అది. తండ్రి పోతూ పోతూ అక్కడి తాటాకు పాకను ఆమెకిచ్చాడు. ఏటా వైశాఖంలో పలాసలో రైలు దిగి రేవు చేరేది. పడవలో కూర్చోగానే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకునేది. తిరుగు ప్రయాణం దాకా వాటితో పనుండేది కాదు.

ఆ శనివారం తమ్ముడు ఆదిబాబు ఫోన్ చేశాడు. దిబ్బ కోసుకుపోతోంది కనుక ప్రభుత్వం వాళ్లు అందరికీ ఏటి అవతలి ఒడ్డున స్థలాలిస్తారట. పాకకు ఒక్క స్థలం, దరఖాస్తులో ఎవరి పేరుంటే వాళ్లకే.

"అప్పా, సోమారంలోగా దరకాస్తు పంపీయి. పాక నీదే కదేటి!"

కూతురి కూతురు సోనీ తన ఫోన్‌లో దరఖాస్తు తెరిచి, పాక హద్దుల గడి దగ్గర ఆగింది. "అమ్మమ్మా, జల్దీ బోలో. పూరబ్ మే క్యా హై?"

"తూరుపా? నా సిన్నప్పుడు ముసలయ్య మావ పాక. ఇప్పుడు సంద్రం."

"ఔర్ పశ్చిమ్?"

"నా సిన్నప్పుడు ఏరు. ఇప్పుడు ముసలయ్య మావ పాక."

"ఘర్ హై యా రైల్‌గాడీ?"

పోలమ్మ పకపకా నవ్వింది. దిబ్బ మీద అంతే మరి. సముద్రం ముందు వరసను మింగితే ఆ కుటుంబాలు మిగిలిన గుంజలు మోసుకుని వెనక్కి, ఏటి వైపుకు వెళ్లేవి. వెనక ఉన్నవాళ్లు జరిగి చోటివ్వాలి, కాదనే హక్కు ఎవరికీ లేదు. ముసలయ్య పాక పోయిన పొద్దున తండ్రి తన వల ఆరేసుకునే కర్రలు పీకి అతనికి చోటుచేశాడు. తొమ్మిదేళ్ల పోలమ్మ ముసలయ్య కోడిపెట్టను చంకన పెట్టుకుని వెనకే నడిచింది. ఆ పెట్ట గుండె దడదడ ఇప్పటికీ ఆమె మోచేతికి గుర్తుంది.

"అబ్ వహాఁ కౌన్ రెహ్‌తా హై?" సోనీ తరువాతి గడి చదివింది.

పోలమ్మ నవ్వు ఆగింది. ఇప్పుడు అక్కడుంటున్నది దిబ్బ మీది పొరుగు మనిషి చిన్నమ్మి. నిరుటి తుపానులో పాక పోగొట్టుకుంటే, పోలమ్మే రమ్మంది. పోయిన వైశాఖంలో చిన్నమ్మి తన చాప పోలమ్మకు పరిచి, తాను ఇసుకలో పడుకుంది.

ఆమె తమ్ముడికి ఫోన్ కలిపింది. "సిన్నమ్మికి స్తలం ఇత్తారేటిరా?"

"దానికెలగిత్తారు? పాకే లేదు కదా."

"అయ్య కర్రలు పీకి సోటిచ్చినప్పుడు ముసలయ్య మావకి పాకుందేటి?"

ఆదిబాబు గొంతు తగ్గించాడు. "మరి రేపొద్దున నువ్వెక్కడికొత్తావే?"

పోలమ్మ ఫోన్ చెవి నుంచి దించింది. "సిన్నమ్మి పేరు రాయే," అంది మనవరాలితో.

"ఔర్ ఆప్?"

"రాయమన్నాను కదా!"

సోనీ రాసింది. పంపే ముందు ఒకసారి అమ్మమ్మ ముఖంలోకి చూసింది. పోలమ్మ తలూపింది. ఫోన్‌లో ఆదిబాబు ఇంకా ఉన్నాడు.

"ఒరే, ఆ కొత్త కాలనీకి పడవెక్కాలేటి?"

"లేదప్పా. ఆటో గుమ్మందాకా వచ్చెత్తాది."

"అయితే సెప్పులు విప్పక్కర్లేదన్నమాట," అంది పోలమ్మ.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో ఆ చెప్పుల్లోనే కాళ్లు దూర్చి, సోనీ చేత గంప ఎత్తించుకుని సాక్చికి బయలుదేరింది.