ఉదయం ఏడు గంటల ఊపిరి

మొన్న ఒక పాత సహోద్యోగి, నివాసయోగ్యమైన నగరాలలో మన హైదరాబాద్ ముందు వరుసలో ఉందన్న వార్తను ఫోనుకు పంపి నా అభిప్రాయం అడిగాడు. ఎవరిని అడిగి తేల్చారు, ఏ వేళప్పుడు అడిగారు అని తిరిగి ప్రశ్నించాను. ఇది నా పాత జబ్బేనని అతను నవ్వుకుని ఉంటాడు. మొదటి ప్రశ్న వరకు నిజమే. రెండోది మాత్రం నాకు కొండాపూర్‌లో అబ్బింది.

తొంభైల చివర జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం నాది. కొలతకు లొంగని మాటను ఇంట్లోకి కూడా రానిచ్చేవాణ్ణి కాను. కాపురం పెట్టిన వారంలోనే పాలవాడి ఎదుట చెంబులో లాక్టోమీటరు ముంచి, అతను మళ్ళీ మా గడప తొక్కకుండా చేసుకున్న ఘనత నాది. కొండాపూర్‌లో మేము కిరాయికి ఉన్న రెండు గదుల వెనుక, బండలు పేల్చి ఏదో అద్దాల మేడకు పునాదులు తవ్వుతున్నారు. నా భార్యకు ముందునుంచీ కొద్దిపాటి ఉబ్బసం ఉండేది. ఇక్కడికి వచ్చాక అది ముదిరిందని ఆమె అనేది. కాకినాడ నుంచి చూడవచ్చిన ఆమె అన్నగారు, ఇది మనుషులుండే ఊరు కాదనీ, చెల్లెల్ని తనతో పంపమనీ పట్టుబట్టారు. పెద్ద వైద్యులూ మంచి బడులూ ఉన్న ఊరు ఇదేనని నేను వాదించాను. చివరికి ఒక నెల గడువు అడిగి, కొలిచి తేలుద్దామన్నాను.

ఊపిరి బలం కొలవడానికి, గట్టిగా ఊదితే ముల్లు జరిగే చిన్న గొట్టమొకటి డాక్టరు ఇచ్చారు. ఈ జబ్బు పొద్దుటిపూటే ఎక్కువ బాధిస్తుందని చదివి ఉన్నాను గనుక, పొద్దున బాగుంటే రోజంతా బాగున్నట్టేనని తర్కించాను. కంపెనీ బస్సు ఎక్కేముందు, సరిగ్గా ఏడింటికి, ఆమె చేత మూడుసార్లు ఊదించి పెద్ద అంకెను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నెల తిరిగినా అంకెలు తగ్గలేదు. మళ్ళీ వచ్చిన బావగారు ఆ పుస్తకం ఆసాంతం తిరగేసి, "మీరు చదువుకున్నవారు, మీకంటే నాకేం తెలుస్తుంది లెండి" అని, ఒంటరిగానే రైలెక్కారు. దాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

మర్నాడు ఇంటి యజమానురాలు గేటు దగ్గర నన్ను ఆపింది. మా వెనుక పేలుస్తున్న ఆ బండల మీదే చిన్నప్పుడు మేకలు కాసిన మనిషి ఆమె.

"సారూ, నువ్వు పొద్దుగాల ఊదిస్తవు. గప్పుడు రాళ్లు పేల్చరు గద. జర పగటీలి వచ్చి సూడు."

సగం రోజు సెలవు పెట్టి ఇంటికి చేరాను. రెండింటికి హెచ్చరికగా ఈల మోగింది. వెంటనే కిటికీ అద్దాలు అదిరాయి. తలుపు సందుల్లో తడి చీరలు కుక్కి ఉన్నా గదిలోకి తెల్లని రాతిపొడి దిగింది. నా భార్య వంటింటి నేల మీద కూర్చుని, మోకాళ్ళపై చేతులానించి, మెడ నరాలు తేలేలా గాలి లాగుతోంది. అప్పుడు కూడా నేను గొట్టమే అందించాను. ముల్లు కదిలిందో లేదో తెలియనంత కొద్దిగా కదిలింది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ అంది:

"చెప్పాను... మీరు పుస్తకం... తెరిచి చూపించారు."

ఆ వారమే మియాపూర్‌కు మారిపోయాం. ఆమె ఊపిరి మాత్రం పూర్వస్థితికి రాలేదు. అందుకు ఆ రాతిపొడే కారణమని నేను రుజువు చేయలేను, కాదనీ అనలేను. ఇప్పటికీ మొదటి అంతస్తు మెట్ల మధ్య ఆగి, కమ్మీ పట్టుకుని, నన్ను ముందు వెళ్ళమంటుంది. ఆ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఒక్క అంకె తప్పు లేదు. రోజుకు ఇరవై నాలుగు గంటలుండగా, నాకు వీలైన ఒక్క గంటనే ఆమె జీవితమని రాసుకున్నాను.