చూసుకోకుండా పెట్టిన భోజలి

ఆ రోజుల్లో భిలాయి స్టీలు ప్లాంటు కాలనీలో, మా సెక్టారులో ఒక వరస క్వార్టర్ల ముందు నుంచి నడిస్తే చాలు, రైలెక్కకుండానే దేశం సగం చుట్టి వచ్చినట్టుండేది. మొదటి ఇంట్లో సర్దార్జీ కుటుంబం, తర్వాత మలయాళీలు, ఆ పక్కన బీహారీలు, వాళ్ళ పక్కన ముస్లిం చాచా, అన్నిటికీ చివర మేము. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న అదే ప్లాంటులో ఫిట్టరు. పెళ్ళికి ముందే ఒక మరాఠీ స్నేహితుడి వెంట వెళ్ళి బౌద్ధం తీసుకున్నారు కాబట్టి మా ముందుగదిలో దేవుళ్ళ పటాలుండేవి కావు, బుద్ధుడి బొమ్మ ఒక్కటే ఉండేది. పాపం పండగలు లేని ఇల్లని మా మీద జాలిపడి ఇరుగుపొరుగు ప్రతి పండక్కీ నన్ను పిలిచేవాళ్ళు. పిలవనప్పుడు నేనే వెళ్ళేదాన్ని.

వెళ్ళి ఊరుకుంటే బాగుండేది. నాకు ప్రతిదీ తెలియాలి. గురుద్వారాలో రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ అక్కడి పెద్దాయన్ని ఆపకుండా ప్రశ్నలడిగితే ఆయన చివరికి, "బేటీ, రొట్టె మాడిపోతోంది, ముందు దాన్ని చూడు" అన్నారు. భిలాయి-3లో రైల్వేవాళ్ళ తెలుగు చర్చికి వెళ్ళి, పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడు చెయ్యెత్తాను (బడి అలవాటు). రంజాన్‌లో ఒకసారి నేనూ ఉపవాసం ఉంటానని చాచీకి గొప్పగా చెప్పి, మధ్యాహ్నానికే గ్లాసుడు మజ్జిగ తాగేసి, సాయంత్రం ఖర్జూరాల పళ్ళెం ముందు అందరికంటే నీరసంగా కూర్చున్నాను. చాచీకి తెలుసు. నవ్వి, నాకే రెండు ఎక్కువ పెట్టింది.

అమ్మ మాత్రం విసుక్కునేది. "ఈ గుంట నోరు మూయించే పూజ ఏ మతంలోనైనా ఉంటే సెప్పండి, నానే సేయిస్తాను" అనేది. నాన్న నవ్వేవారు. "అడగనీవే. అడిగినోళ్ళని బుద్ధుడెప్పుడూ కసురుకోలేదు" అని నన్ను వెనకేసుకొచ్చి, తర్వాత నాతో విడిగా, "సూడు, అడుగు, పెడితే తిను. ఏటో తెలీకుండా సెయ్యి మాత్రం పెట్టకు" అనేవారు. నేను సరేనని తల ఊపేదాన్ని. తల ఊపడం నాకు బాగా వచ్చు.

డిగ్రీ అయ్యాక జాముల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కాబట్టి, మేము సుద్దముక్కతో రాయకముందే బల్లల మీద తెల్లటి పొడి ఉండేది. నాతోపాటు అదే వారంలో ఇంకొకమ్మాయి కూడా చేరింది. ఇద్దరం తాత్కాలికమే. దసరా సెలవులలోపు ఒకరిని పర్మనెంటు చేసి రెండోవాళ్ళని పంపించేస్తానని పెద్ద మేడమ్ మొదటి రోజే చెప్పేసింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. నాన్న ఆ ఏడాదే రిటైరవుతున్నారు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అందరం శ్రీకాకుళం వెళ్ళిపోదామని అమ్మ పట్టుదల. నేనేమో భిలాయిలో పుట్టినదాన్ని. కోపం వచ్చినా హిందీలోనే వచ్చేది. నాకు ఇక్కడ ఉద్యోగముంటే, ఇక్కడే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉండిపోవచ్చని నాన్న మాటిచ్చారు.

ఆ రెండో అమ్మాయి పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయకూడదో కాసేపట్లో మీకే తెలుస్తుంది. అప్పట్లో నేను మనసులో ఆమెను సైరన్ అనుకునేదాన్ని. ఆమె పక్క గదిలో ఎక్కాలు చెబితే నా గదిలో కిటికీ అద్దాలు అదిరేవి. నన్ను ఆమె "సెక్టర్‌వాలీ" అనేది, అంటే పంపు తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో పెరిగిన సుకుమారి అని. మేమిద్దరం సుద్దముక్కల పెట్టె దగ్గర తప్ప ఎక్కడా మాట్లాడుకునేవాళ్ళం కాదు, అక్కడ కూడా మాట్లాడుకున్నాం అనడం కంటే లాక్కున్నాం అనడమే నిజం.

ఆ ఏడు రాఖీ ముందు మా బడి ఆయా, మేమందరం కాకీ అని పిలిచే ఆవిడ, "మా ఊళ్ళో భోజలి చూడ్డానికి వస్తావా?" అంది. అడగాలా? ఛత్తీస్‌గఢ్ ఊళ్ళలో శ్రావణంలో ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, ఎండ తగలకుండా ఇంట్లోనే పెంచుతారు. అవి పసుపుపచ్చగా, నాజూకుగా మొలుస్తాయి. అదే భోజలి. రాఖీ మర్నాడు ఆ బుట్టలు తల మీద పెట్టుకుని పాడుకుంటూ చెరువుకి వెళ్ళి నీళ్ళలో కలుపుతారు, కొన్ని మొలకలు మాత్రం కడిగి వెనక్కి తెచ్చుకుంటారు. ఇంతవరకు నేను కాకీని అడిగి అడిగి తెలుసుకున్నదే. ఆ రోజు చెరువు గట్టు మీద, వెనక్కి తెచ్చుకున్న మొలకలు ఏం చేస్తారని అడిగేలోపు కాకీని ఎవరో పాటకి లాక్కుపోయారు. నా చరిత్ర మొత్తంలో అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

గట్టంతా ఆడవాళ్ళు, తడి చీరలు, పాటలు, నవ్వులు. కాకీ పాడుతూనే వచ్చి నా చేతిలో గుప్పెడు మొలకలు పెట్టి వెళ్ళిపోయింది. చుట్టూ చూస్తే ఒకరి చెవి వెనక ఒకరు పెట్టుకుంటున్నారు. నాకు వెంటనే అర్థమైపోయింది (అర్థమైపోయిందని అనుకున్నాను). మన పేరంటాల్లో పక్కన కూర్చున్నావిడ జడలో పూలు తురమడం లేదూ, ఇదీ అదే. పండగకి వచ్చి చేతిలో పెట్టినవి మనమే ఉంచుకుంటే మర్యాద కాదు. నా పక్కనే తల నిండా కొంగు కప్పుకుని, నీళ్ళకేసి తిరిగి ఒకావిడ నిలబడి ఉంది. కొంగు కొంచెం పక్కకి జరిపి, నాలుగు మొలకలు ఆవిడ చెవి వెనక చక్కగా దోపాను.

ఆవిడ ఇటు తిరిగింది. సైరన్.

సర్దార్జీ జుట్టెందుకు కత్తిరించరో, చాచా రోజుకి ఎన్నిసార్లు, ఎటు తిరిగి నమాజు చేస్తారో తెలుసుకున్నదాన్ని. పక్క గదిలో పాఠం చెప్పే మనిషిది ఏ ఊరో ఎప్పుడూ అడగలేదు. ఇదే ఆమె ఊరు. ఆమె నన్ను చూసింది, చెవి తడుముకుంది. "యే క్యా కర్ దియా తూనే?" అంది, ఏం చేశావే ఇది అని, జీవితంలో మొదటిసారి మెల్లగా. చుట్టుపక్కల పాట ఆగిపోయింది. కాకీ పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ నా బుగ్గల మీద పెట్టి, "ఇక మీరిద్దరూ భోజలి" అని అందరికీ వినపడేలా చెప్పింది. అప్పుడు గానీ నాకు వివరం తెలియలేదు. భోజలి చెవిలో పెడితే జన్మంతా స్నేహం కట్టుకున్నట్టు. తోబుట్టువుల కంటే ఎక్కువ. ఒకరి పేరు ఒకరు పలకకూడదు, భోజలీ అనే పిలవాలి. ఎదురుపడితే 'సీతారామ్ భోజలీ' అనాలి. ఒకరి గురించి ఒకరు చెడు మాట్లాడకూడదు. ఆమె తల్లి నాకు తల్లి, ఫూల్‌దాయి అని పిలవాలి. కాదంటే భోజలి దేవతనే కాదన్నట్టే.

ఇంకా ఒక దారి ఉంది. ఆమె తిరిగి నా చెవిలో పెట్టకపోతే బంధం కుదరదు. ఊరంతా ఆమె వైపే చూస్తోంది. నేను కూడా ఆశగానే చూశాను, పెట్టకూడదనే ఆశ. ఆమె చాలాసేపు ఆలోచించి, వాళ్ళమ్మ బుట్టలోంచి మొలకలు తీసి నా చెవి వెనక దోపింది. ఎంత గట్టిగా దోపిందంటే చెవి మర్నాటి వరకూ ఎర్రగానే ఉంది. "సీతారామ్ భోజలీ" అంది పళ్ళు బిగించి. "సీతారామ్" అన్నాను నేను, బుద్ధుడి ఇంటిపిల్లని.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నారు. "సెవిలో ఏటే ఆ గడ్డి?" అన్నారు. చెప్పాను. నాన్న మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు. "ప్లాంటులో మా షాపు హెల్పరుకి ఇలాగే కట్టుకున్న నేస్తం, మితాన్ అంటారు, ఒకడున్నాడు. ఆడు కిడ్నీ అడిగినా ఈడు ఇచ్చీసేలా ఉంటాడు. ఇది ఆషామాషీ కాదే." అమ్మ వంటింట్లోంచే, "ఒలమ్మ, ఇంత సేసినదానివి ఏకంగా పెళ్ళే సేసుకొచ్చీలేకపోయావా?" అంది.

ఆ తర్వాతి ఆదివారమే ఫూల్‌దాయి మా ఇంటికి దిగింది, కూతురితో సహా, చేతిలో పెద్ద డబ్బాతో. డబ్బా నిండా ఠేఠరీ, అంటే శనగపిండితో చేసే కరకరలాడే వంట. ఆవిడ ముందుగదిలో బుద్ధుడి ముందు నిలబడి, "మీ దేవుడు ఏం తింటాడు?" అని నన్ను అడిగింది. లోకంలో అందరి దేవుళ్ళ సంగతీ అడిగినదాన్ని, ఆ ఒక్కటి నాకు తెలియదు. నాన్నే అందుకున్నారు. "దేవుడు కాదు దాయీ, గురూజీ." ఆవిడ తృప్తిగా తలాడించింది. "గురూజీకి పెట్టకుండా మనం తింటామా?" అని బుద్ధుడి ముందు ఠేఠరీ పెట్టి, ఒకటి అమ్మ నోట్లో కూడా పెట్టింది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఛత్తీస్‌గఢీ రాదు. సాయంత్రం దాకా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. సైరనూ నేనూ మంచం చెరో చివరా కూర్చుని గోళ్ళు చూసుకున్నాం.

బడిలో మా అవస్థ చూడాలి. దెబ్బలాట మానలేదు, కానీ మర్యాదగా దెబ్బలాడుకోవాల్సి వచ్చింది. "సీతారామ్ భోజలీ, మళ్ళీ నా సుద్దముక్కలు తీశావు." "సీతారామ్ భోజలీ, నీవెప్పుడయ్యాయి?" ఇలా ఎంతసేపని పోట్లాడతాం? మధ్యలో ఎవరో ఒకరికి నవ్వొచ్చేది. పిల్లలు మా ఇద్దరి పేర్లూ మరిచిపోయి పెద్ద భోజలి మేడమ్, చిన్న భోజలి మేడమ్ అనడం మొదలుపెట్టారు. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు కానీ, ఆమె రాని రోజున పక్క గది నిశ్శబ్దం నాకు నచ్చడం మానేసింది.

దసరా ముందు పెద్ద మేడమ్ మమ్మల్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచింది. "ఆమెలో లోపాలేమిటో మొహమాటం లేకుండా చెప్పు" అంది నన్ను. ఈ ప్రశ్న కోసం నేను జులై నుంచీ సిద్ధంగా ఉన్నాను. ఆ గొంతు వల్ల నా క్లాసు సాగడం లేదని చెప్పాలి, అంతే. నోరు తెరిచాను. చెవి వెనక దురద పెట్టింది. భోజలి గురించి చెడు ఎలా చెప్పను? అదే సంగతిని మంచిగా చెబుదామనుకున్నాను. "మేడమ్, ఆమె ఎంత బాగా చెబుతుందంటే, గోడ అవతలున్న నా పిల్లలు కూడా విని ఎక్కాలు నేర్చేసుకున్నారు" అన్నాను. పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసింది. "అయితే మరి నువ్వెందుకమ్మా?" అంది.

ఉద్యోగం సైరన్‌కి వచ్చింది. టెంపోలో ఇంటిదాకా ఏడ్చాను, ఇంటికొచ్చాక ఇంకా గట్టిగా ఏడ్చాను. సాయంత్రానికి ఆమె సైకిలు మీద వచ్చింది. "నన్ను నీ గురించి అడిగింది. నువ్వు ప్రశ్నలడిగితే పిల్లలు కూడా అడగడం నేర్చుకుంటున్నారన్నాను. మేడమ్‌కి అది నచ్చలేదనుకుంటా" అంది. సైకిలు హ్యాండిలు వదలకుండానే, "నాకొద్దని చెప్పి రానా?" అంది. చెప్పేసి వచ్చేలాగే ఉంది. "చెప్పావంటే నీ చెవి కోసేస్తాను భోజలీ" అన్నాను. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది, వరసలో ఇళ్ళన్నీ బయటికొచ్చాయి.

అమ్మ ఇక పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. దుర్గ్ నుంచి రైలు టిక్కెట్ల మాట కూడా అయింది. ఆ వారంలోనే ఫూల్‌దాయి వచ్చి, సర్దిన ట్రంకు పెట్టె మీద కూర్చుంది. కూర్చుని, తన భాషలో, లేవనని చెప్పింది. "నా కూతుర్ని నన్నడక్కుండా ఎక్కడికి తీసుకుపోతావు?" అని నేను తెలుగు చేసి చెప్పాను అమ్మకి. "ఈవిడకేటి, మతి గానీ పోయిందా?" అంది అమ్మ. టీ పెట్టింది. ఫూల్‌దాయి టీ కూడా పెట్టె మీదే తాగింది. పొద్దు వాలే వేళకి అమ్మ ఆవిడ పక్కన, అదే పెట్టె మీద కూర్చుంది. "సిక్కోల్లో మాత్రం మనకోసం ఇలా పెట్టెక్కి కూసునీవోళ్ళు ఎవులున్నార్లే" అంది నాన్నతో, నా వైపు చూడకుండా. మేము వెళ్ళలేదు. ఫూల్‌దాయి ఊరి దారిలోనే ఇల్లు అద్దెకు దొరికింది, తర్వాతి వేసవికి భిలాయి-3లో నాకు వేరే బడి దొరికింది. నాన్న పోయినప్పుడు బౌద్ధ విహార్ నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు కూతుళ్ళా అని అడిగారు. నేను అవునన్నాను. ఆ రోజు నాకంటే గట్టిగా ఏడ్చింది భోజలే (ఆ గొంతు సంగతి మీకు చెప్పాను కదా).

ఇప్పటికీ ఏటా ఆ చెరువు గట్టుకి వెళ్తాను. మోకాళ్ళ వల్ల మెట్లు దిగను, పైనే కూర్చుని, మొలకలు పట్టుకుని తిరిగే అమ్మాయిలందరికీ బోధ చేస్తుంటాను. "పెట్టేముందు కొంగు తీసి మొహం చూసుకోండమ్మా, నాలా కాకండి" అంటాను. వాళ్ళు నవ్వి పారిపోతారు. మొన్న కూడా అలాగే చెబుతుంటే భోజలి నా పక్కన కూలబడి, తడి కొంగు పిండుకుంటూ, "అంతలా చెబుతావు గానీ, ఆ రోజు నువ్వే చూసుకుని ఉంటే ఎవరి చెవిలో పెట్టేదానివి?" అంది.

ఎవరి చెవిలోనూ పెట్టేదాన్ని కాదు. భోజలి అంటే ఏమిటో కాకీని అడిగి పూర్తిగా తెలుసుకుని, చీకటి పడకముందే ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.