టైము చెప్పి వచ్చే కరెంటు

పోయిన ఎండాకాలం జరిగింది ఇది. నేను మా ఊరు బేరిగైలో ఇంట్లోనే కూర్చొని కంపెనీలకి మిషన్ పార్టుల డ్రాయింగులు గీసిస్తాను. బెంగళూరు సార్ ఒకాయన, "ఈ వారమంతా ఫ్రీగా ఉండమ్మా, ఎప్పుడైనా పిలుస్తాను" అన్నాడు. నాలుగు దినాలు ఫోన్ పక్కన పెట్టుకొనే అన్నం తిన్నాను. పిలుపే రాలేదు.

ఐదో దినం మా నాయనకి జ్వరం. తోట మోటరుకి కరెంటు పొద్దున తొమ్మిదికి వచ్చి మధ్యాన్నం మూడుకి పోతుంది. ఆలోపల నీళ్లు కట్టకపోతే ఆ దినం పంటకి నీళ్లు లేనట్టే. చీర ఎగ్గట్టి టమాటాకి నీళ్లు కడతా ఉంటే వచ్చింది వీడియో కాల్! బురద చేత్తో నొక్కితే తెరమీద సార్‌తో కలిపి ఐదుగురు. ఎవరో కిసుక్కున నవ్వినారు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఫ్రీగా ఉండమంటే యాడున్నావమ్మా?" అన్నాడు సార్.

ఆ మాటకి సిగ్గు పోయి రోషం వచ్చింది.

"తోటలో ఉన్నాను సార్. మాకు కరెంటు కూడా టైము చెప్పి వస్తుంది, మీరు చెప్పలేరా? ఇకమీద మంగళవారం, శుక్రవారం పదినుంచి పన్నెండు దాకా మీది. మిగిలిన పొద్దంతా నాది."



"అట్లయితే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు.

"చూసుకోండి సార్" అని ఫోన్ నడుముకి దోపుకొని పక్క సాలుకి నీళ్లు తిప్పినాను.

ఆ పని పోయింది. రెండు దినాలు బాధపడినాను కూడా. ఇప్పుడు ఎవరు పిలిచినా మొదటి మాట నాదే: "ఏ దినం, ఎన్ని గంటలకి?" అది చెప్పలేనోళ్లకి నా దగ్గర కరెంటు లేదు.