యాభై మాటల చీటీతో బెల్లంపల్లికి

నేను ఉర్దూ మీడియంలో చదివాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు బెల్లంపల్లి బొగ్గుగని నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ల్యాంపు రూములో గుమాస్తా పని, అడిగేది మాత్రం ఇంగ్లీషులో. ఇంట్లో మరో సంపాదన లేదు. యాభై ఇంగ్లీషు మాటలు చీటీ మీద రాసుకుని, బడిలో ఎక్కాలు చదివినట్టే ఊగుతూ వరసగా బట్టీ పట్టాను. పొద్దున ఆరింటికి జమ్మికుంటలో ప్యాసింజరు ఎక్కాను, టికెట్ రెండు రూపాయలలోపే. కూర్చుంటే కాళ్ళు ఆగలేదు. పెద్దపల్లి దాటాక తలుపు దగ్గర నిలబడి గొణుగుతుంటే, పత్తి మూట మీద కూర్చున్న పెద్దాయన నవ్వాడు.

"ఏం తమ్మీ, మంత్రం జపిస్తున్నవా?"

గోదావరి వంతెన మీద చీటీ మూసి, సుత్తిని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తుచేసుకోబోయాను. తట్టలేదు. మొదటి మాట నుంచి అందుకుంటే తప్ప అది నోటికి రావడం లేదు. నాకు నిజంగా భయమేసింది.

పదకొండింటికి దిగి, పావుగంట నడిచి గని క్వార్టర్లలో ఉండే చిన్నమ్మ ఇంటికి చేరాను. ఆమె బడి మొహం చూడలేదు. పొయ్యి ముందు బొగ్గు పగలగొడుతోంది. నేను చీటీ పట్టుకుని అటూ ఇటూ తిరగసాగాను.

"ఎందుకట్ల తిరుగుతవు కొడుకా? జర కూసో. గా చీటీ పక్కకు పెట్టు, గీ హ్యామర్ అందుకో."

సుత్తి చేతిలో పడింది, మాట నోట్లో పడింది. "గీ ఇంగ్లీషు ఎవలు నేర్పిండ్రు చిన్నమ్మా?" అన్నాను.

"ఎవలు నేర్పుతరు? షిఫ్టు, సైరన్, టోకెన్... దినాం వాటితోనే బతుకు." అంతలో ఆమె గొంతు తగ్గింది. "టోకెన్ ఇచ్చి ల్యాంపు తీస్కొని గనిల దిగుతరు. పైకొచ్చి ల్యాంపు ఇస్తే టోకెన్ వాపస్. ఒకదినం అందరు ఎవల టోకెన్ వాళ్ళు తీస్కపోయిండ్రు, మీ చిన్నాయనది మేకుకే ఉన్నది. పొద్దుగూకేదాంక గేటుకాడ్నే నిలబడ్డ. పానంతోని వచ్చిండు గానీ, గా మాట నేను మర్వలే."

నా యాభైలో ఆ మాట లేనే లేదు.

రెండింటికి ఆఫీసులో దొర ఇంగ్లీషులో ఒక్కటే అడిగారు: షిఫ్టు ముగిశాక ఒక టోకెన్ మిగిలితే?

"వన్ మ్యాన్ ఇన్‌సైడ్ సర్. ఐ షౌట్."

ఆయన నా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టారు.

తర్వాత ఆ ల్యాంపు రూములో ఏళ్ళ తరబడి పనిచేశాను. షిఫ్టు ముగిసే వేళ ఎన్నడూ కూర్చోలేదు, చివరి టోకెన్ మేకు దిగేదాకా తిరుగుతూనే ఉండేవాణ్ణి. మీరూ ఇంగ్లీషు పరీక్షకు ఎటైనా బయలుదేరితే కొన్ని గంటలు ముందే దిగండి. ఆ పని చేసేవాళ్ళింట్లో ఒక పూట తినండి. ఏ మాట దగ్గర వాళ్ళ గొంతు తగ్గుతుందో, ఆ మాట ముందు నేర్చుకోండి.