కెర్నెల్ మారినప్పుడల్లా

2006లో రాజకుమారి అరకులో ఓ కాఫీ రైతుల సంఘానికి కంప్యూటర్లు చూసేది. కొండల మీది శాఖలన్నీ అరకు సర్వర్‌లో ఉన్న ఫైళ్లనే నెట్‌వర్క్ మీద తెరుచుకునేవి. కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో కెర్నెల్ అనే మూలభాగం కొత్తదానికి మారిందంటే చాలు, దానికి అతికి ఉండి ఆ ఫైళ్లను చూపించే మాడ్యూల్ అనే చిన్న ప్రోగ్రాం పనిచేసేది కాదు. దాన్ని కొత్త కెర్నెల్‌కు సరిపడేలా మళ్లీ తయారుచేయడానికి, అంటే బిల్డ్ చేయడానికి, ఆమె శాఖశాఖకూ బస్సెక్కేది. ఘాట్ రోడ్డు మలుపుల్లో నడుం పట్టేసేది.

ఓ వానాకాలం విసిగిపోయి, కెర్నెల్ మారగానే మాడ్యూల్ దానంతటదే బిల్డ్ అయ్యేలా ప్యాకేజీ తయారుచేసి అన్ని శాఖలకూ పంపింది. దాన్ని తయారుచేసేటప్పుడు కరెంటు పోయినప్పుడల్లా పని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

కొన్నాళ్లకు పాచిపెంట శాఖ నుంచి సరళ ఫోన్ చేసింది.

"అక్కా, కెర్నెల్ మారిపోనాది. ఫైళ్లు బాగానే తెరుసుకుంటన్నాయి."

"అయితే నేను రానక్కర్లేదా?"

"ఎందుకక్కా!"

ఇన్నాళ్ల బస్సు ప్రయాణాల అలసటంతా ఒక్కసారిగా కమ్మేసి, రాజకుమారికి నవ్వే ఓపిక కూడా లేకపోయింది. బల్ల మీద తల వాల్చి అలాగే నిద్రపోయింది.