గాల్లో కూర్చున్న మనిషి

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా నిండని రోజుల్లో, కంప్యూటరు చెప్పేదంతా నిజమేనని నాకు గట్టి నమ్మకం. విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటుని. విమానం నేలకు గుద్దుకుంటే సీటు ఎంత నలుగుతుంది, అందులో కూర్చున్నవాడి వెన్నెముక ఎంత దెబ్బ తింటుంది అన్నది కంప్యూటరులోనే లెక్కగట్టడం మా పని. నా పైన కొత్తవలస మాస్టారు (ఊరి పేరే ఆయన పేరైపోయింది, అసలు పేరు సంతకంలో తప్ప కనబడేది కాదు).

నాకు అప్పగించిన మొదటి సీటులోనే, కూర్చున్నవాడి నడుం విరిగిపోతుందని తేలింది. ఆ సీటు పనికిరాదని, దాన్ని తయారుచేసిన హైదరాబాదు ఇంజనీరమ్మకి రిపోర్టు పంపేశాను. ఆవిడది మూడేళ్ల కష్టం. నేను మాత్రం ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి, "ఎంతమంది పేనాలు కాపాడేనో తెలుసా" అన్నాను.

మర్నాడు మాస్టారు తెర మీద, సీటులో నేను కూర్చోబెట్టిన బొమ్మమనిషిని దగ్గరగా చూసి, "ఒరే, ఈడేటి గాల్లో కూకున్నాడు?" అన్నారు. నిజమే. బొమ్మకీ సీటు మెత్తకీ మధ్య రెండు వేళ్ల సందుంది.

"అంత సిన్న సందుకేటవుతాది మాస్టారూ?"

ఆయన తిట్టలేదు. సాయంత్రం నన్ను నెల్లిమర్ల బస్సెక్కించి వెనక సీటులో కూర్చోబెట్టారు. "స్పీడు బ్రేకరు వస్తన్నాది. ముందు కడ్డీ పట్టుకుని కూసింత పైకి లెగు." లేచాను. బస్సు ఎగిరింది. సీటు పైకొచ్చి నన్ను కొట్టిన దెబ్బకి రెండు చేతులా వెనక పట్టుకున్నాను. పక్కన వంకాయల బుట్టతో ఉన్న ముసలావిడ జాలిగా చూసి, "బాబుకి మొలలేమో, పాపం" అంది. మాస్టారు నవ్వకుండా, "ఈసారి ఆనుకుని కూకో" అన్నారు. తర్వాతి స్పీడు బ్రేకరుకి చిన్న కుదుపు, అంతే.

పొద్దున్నే బొమ్మని దాని బరువుకి కుదురుగా కూర్చోనిచ్చి, అప్పుడు విమానాన్ని పడేశాను. నడుముకేమీ కాలేదు. నేను నిందించిన సీటు నిక్షేపంలా ఉంది.

"రిపోర్టు అలాగే వదిలేద్దాం మాస్టారూ. ఇంకా గట్టి సీటు సేసుకుంటారు, మంచిదే గదా" అన్నాను, తెర వైపే చూస్తూ.

"ఆ సీటు సేసినావిడికి తిండి సయిస్తాదేట్రా?" అని, ఆయన అప్పుడే ఫోన్ తీశారు. "అమ్మా, మీ సీటు మంచిదే. లెక్క తప్పింది. తప్పు నాది." నా ఊసే ఎత్తలేదు. నెలలు గడిచాక హైదరాబాదువాళ్లు నిజం సీటుని, నిజం బొమ్మని పెట్టి గుద్దించి చూశారు. దిద్దిన లెక్కకి దగ్గరగానే వచ్చింది.

ఇప్పుడు నాకు ఆయన అప్పటి వయసు. నా కింద నలుగురు పనిచేస్తున్నారు. వాళ్ల పొరపాట్లకి నేనూ ఫోన్ తీస్తాను. మూడుసార్లు గొంతు సవరించుకుని, "ఏమిటంటేనండీ" అని మొదలుపెట్టి, వాతావరణం మీదుగా తిరిగి తిరిగి చివరికి ఆ రెండు మాటలూ అంటాను. మాస్టారు భోజనం అయిందని చెప్పినంత తేలిగ్గా అనేవారు. నాకింకా అభ్యాసం కావాలి.